కథ చెప్పిందెవరు, ఊఁ కొట్టిందెవరు?

ముందు ఒక కథ. సముద్రపు ఒడ్డున పెద్ద మేడిచెట్టు. సగం కొమ్మలు ఊరి మీదకి, సగం కొమ్మలు నీళ్ళ మీదకి. చెట్టు మీద ఒక కోతి, కింద నీళ్ళలో ఒక సొరచేప. కోతి తను తింటూ తింటూ నాలుగు పళ్ళు కిందికి విసిరేది. సొరచేప అందుకుని తినేది. అలా ఇద్దరికీ స్నేహం కుదిరింది. "ఎన్నాళ్ళని నీ చేతి పళ్ళు తినను, ఓసారి మా ఇంటికీ రా" అని ఒకరోజు సొరచేప కోతిని వీపు మీద ఎక్కించుకుని బయల్దేరింది. నడిసముద్రానికి వెళ్ళాక అసలు సంగతి బయటపెట్టింది. మా సుల్తానుగారికి జబ్బు చేసింది, కోతి గుండె తింటేగాని తగ్గదట అంది. కోతి తడుముకోలేదు. "అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దూ! మేం ఊరికెళ్ళేటప్పుడు గుండె చెట్టుకి తగిలించి వెళతాం. పద, వెనక్కి పోయి తెచ్చుకుందాం" అంది.

ఇది మనదే కదా అనుకుంటున్నారు. మొసలి ఉండాల్సిన చోట సొరచేప ఎందుకుంది, మధ్యలో ఈ సుల్తాను ఎక్కణ్ణుంచి వచ్చాడు అనీ అనుకుంటూ ఉంటారు. ఈ కథ ఆఫ్రికా తూర్పు తీరంలో జాంజిబార్ అనే దీవిలో చెప్పుకునేది. ఎడ్వర్డ్ స్టీర్ అనే ఇంగ్లీషు మిషనరీ అక్కడి జనం నోట స్వాహిలీలో విని రాసుకుని, 1870లో వేసిన కథల పుస్తకంలో చేర్చాడు.

ఇంకో విశేషముంది. ఒడ్డుకు చేరి చెట్టెక్కాక కోతి ఇక దిగదు. సొరచేప మళ్ళీ పిలిస్తే, "నన్ను చాకలివాడి గాడిద అనుకున్నావా?" అంటుంది. అదేం కథ అని సొరచేప అడుగుతుంది. అప్పుడు సింహం చేతిలో ఒకసారి తప్పించుకుని కూడా మళ్ళీ మాయమాటలు నమ్మి వెనక్కి వెళ్ళి చచ్చిన గాడిద కథ మొదలవుతుంది. దాని గుండె, చెవులు కుందేలు గుట్టుగా తినేస్తుంది. అవేవని సింహం అడిగితే, "అవే ఉంటే ఇది మళ్ళీ వచ్చేదా?" అంటుంది. మన పంచతంత్రంలో నాలుగో తంత్రం తీసి చూడండి. కోతీ మొసలీ కథ కడుపులో ఈ గాడిద కథ ఇలాగే ఇమిడి ఉంటుంది. అక్కడా అది చాకలివాడి గాడిదే. కుందేలు బదులు నక్క ఉంటుంది, అంతే తేడా. రెండు కథలూ విడివిడిగా కాదు, ఒకదానిలో ఒకటి అమరి ఉన్న పొత్తుగానే సముద్రం దాటాయి.

ఎలా దాటాయి? పంచతంత్రం 6వ శతాబ్దంలో పహ్లవీలోకి వెళ్ళింది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫా దాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. అరబ్బు నావలు, గుజరాతు నావలు ఈశాన్య రుతుపవనం పట్టుకుని జాంజిబారు వెళ్ళి, నైరుతి గాలికి తిరిగి వచ్చేవి. సరుకు దించి గాలి మళ్ళేదాకా నెలల తరబడి రేవులో పడి ఉండే మనుషులకి కథలు చెప్పుకోవడం తప్ప పనేముంటుంది? మనకి మొసలి. అరబ్బీలో తాబేలు. పగడపు దిబ్బల జాంజిబారులో సొరచేప. ఏ నీళ్ళలో కనిపించే ప్రాణి ఏదో అదే కథలోకి వచ్చి కూర్చుంటుంది. మన తీరంలో అంతర్వేది పల్లిపాలెంలోనో ఓడలరేవులోనో వేటకి వెళ్ళే కుటుంబాల్లో ఇదే కథ చెబితే సొరచేపే నప్పుతుందని నాకనిపిస్తుంది.

రేవంటే గుర్తొచ్చింది. మన గోదావరి గౌతమి పాయకి అవతల, యానాం దాటగానే కోరంగి. ఇవాళ అక్కడ మడ అడవి చూడడానికి వెళుతున్నాం గాని, ఒకప్పుడు అది ఓడలు కట్టిన రేవు. 1789 తుపానూ, 1839 తుపానూ దాన్ని దెబ్బతీశాయి. ఆ రేవు పేరు మాత్రం మునగలేదు. మారిషస్‌లో చెరుకు తోటల పనికి వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడివాళ్ళు కోరంగీలనే పిలిచారు. బర్మాలోనూ అదే పేరు. మారిషస్‌లో మనవాళ్ళు దిగేటప్పటికే అక్కడ మొజాంబిక్ నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులున్నారు, వాళ్ళ కథలున్నాయి. 1835లో బానిసత్వం పోయింది. కథలు వాళ్ళతోపాటే ఉండి, ద్వీపంలో అందరూ మాట్లాడుకునే క్రియోల్ భాషలో కలిసిపోయాయి. షార్ల్ బైసాక్ అనే పండితుడు ఆ కథల్నీ పొడుపుకథల్నీ పోగుచేసి 1888లో పుస్తకం వేశాడు.

ఆ ద్వీపంలో పొడుపుకథ వేసేవాడు ముందు "సిరాందాన్" అని కేక వేస్తే, వినేవాళ్ళు "సాంపెక్" అని బదులు పలకాలి. పలికితేనే పొడుపు. వేలాడే నీళ్ళేమిటని అడుగుతారు, కొబ్బరికాయ అని విప్పాలి. నిలబడ్డ నీళ్ళేమిటంటే చెరుకు. మన పొడుపుకథల్లో కొబ్బరికాయకి మూడు కళ్ళుంటాయి గాని శివుడు కాదంటారు. మనం కాయని చూశాం, వాళ్ళు అందులో నీళ్ళని చూశారు. ఎండలో తోట పని చేసేవాడికి ముందు నీళ్ళే కదండీ కనపడేది!

బైసాక్ పుస్తకంలో కుందేలు, తాబేలు కథ ఒకటుంది. రాజుగారి కోనేటి నీళ్ళని కుందేలు రోజూ పాడు చేస్తుంటుంది. కాపలావాళ్ళెవరికీ చిక్కదు. చివరికి తాబేలు వీపుకి జిగురు పూసుకుని రాయిలా గట్టున పడుకుంటుంది. కుందేలు దాని మీద కూర్చుంటుంది, అతుక్కుపోతుంది. ఈ జిగురు ఆఫ్రికా పడమటి తీరాన ఘనా దేశంలోనూ ఉంది. అక్కడ అశాంతీ జనం చెప్పుకునే సాలెపురుగు అనాన్సే, లోకంలో కథలన్నీ ఆకాశ దేవుడి దగ్గరే ఎందుకుండాలి, నాకు అమ్మమంటాడు. దేవుడు అడిగిన వెల మామూలుది కాదు. కొండచిలువ, కందిరీగలు, చిరుతపులి, అడవిలో తిరిగే ఒక మాయజీవి. అన్నింటినీ ప్రాణంతో పట్టి తేవాలి. అనాన్సే భార్య పేరు ఆసో. ఉపాయాలు ఆవిడవి, పేరు ఆయనది. ఈ సంగతి మనకి కొత్త కాదనుకోండి.

అనాన్సే కందిరీగల దగ్గరికి వెళ్ళి, తన నెత్తిన నీళ్ళు పోసుకుని, అరటాకు ఒకటి కప్పుకుని, "వాన వచ్చేసింది, మీరంతా తడిసిపోతారు, ఈ సొరకాయ బుర్రలోకి దూరండి" అంటాడు. అవి దూరగానే మూత బిగిస్తాడు. కొండచిలువ దగ్గరికి కర్ర తీసుకెళ్ళి, దారిలో పెళ్ళాంతో వాదించుకుంటున్నట్టు నటిస్తాడు. చిలువ పొడుగా, ఈ కర్ర పొడుగా అని. కొలుచుకోమని చిలువే కర్ర పక్కన పడుకుంటుంది, తీగతో కట్టేస్తాడు. మాయజీవికి మాత్రం జిగురుపాలు పూసిన కొయ్యబొమ్మ చేసి, దాని ముందు గిన్నెలో దుంపముద్ద పెడతాడు. అది వచ్చి తిని, బొమ్మకి కృతజ్ఞత చెబుతుంది. బొమ్మ పలకదు. కోపం వచ్చి చెంప మీద కొడుతుంది. చెయ్యి అంటుకుంటుంది. రెండో చేత్తో కొడుతుంది, అదీ అంటుకుంటుంది. చివరికి నిలువునా చిక్కుతుంది.

బౌద్ధ జాతక కథల్లో అయిదు ఆయుధాల రాకుమారుడు జిగురు వెంట్రుకల రాక్షసుణ్ణి ఇలాగే కొట్టి, కాళ్ళూ చేతులూ తలా అన్నీ అంటించుకుంటాడు. ఇంగ్లండులో జోసెఫ్ జేకబ్స్ 1892లో భారతదేశపు కథలు వేసినప్పుడు ఈ పోలిక ఎత్తి చూపించాడు. ఆ తరవాత జిగురు ఎక్కడిది, ఇండియాదా ఆఫ్రికాదా అని పండితులు చాలాకాలం తగాదాపడ్డారు. నాకు ఆ తగాదా మీద పెద్ద ఆసక్తి లేదు. పనసకాయ కోసిన ప్రతి ఊళ్ళోనూ చేతికి జిగురంటుతుంది. నాకు కావలసింది ఇంకో సంగతి. కథ చెప్పిన మనిషి పేరు ఎవరు రాసుకున్నారు?

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ రేవు దగ్గర బ్రేక్‌వాటర్ అనే జైలుండేది. ఖైదీల చేత సముద్రంలో గోడ కట్టించేవారు. 1870లో ఆ జైల్లో శాన్ జాతివాళ్ళు, అంటే ఆ దేశపు ఆదిమ వేటగాళ్ళు, 28 మంది ఉన్నారని విల్‌హెల్మ్ బ్లీక్ అనే జర్మన్ భాషాశాస్త్రవేత్తకి తెలిసింది. వేటాడే నేలంతా వలస రైతులు ఆక్రమించారు. ఆకలికి గొర్రెనో మేకనో పట్టుకుంటే దొంగతనం అని జైలు. బ్లీకు గవర్నరు దగ్గర అనుమతి తెచ్చుకుని కొందరిని తన ఇంట్లో ఉంచుకున్నాడు, వాళ్ళ భాష నేర్చుకోవడానికి. అలా 1871లో వచ్చినవాడు కబ్బో. పెద్ద వయసువాడు. శిక్షాకాలం అయిపోయాక కూడా 1873 దాకా ఆ ఇంట్లోనే ఉండిపోయాడు, తన జనం కథలు పుస్తకాల్లోకి ఎక్కాలని. ఇంటి దగ్గర పెళ్ళాం బిడ్డలున్నారు. అయినా ఉన్నాడు.

రాసింది ఎక్కువగా బ్లీకు మరదలు లూసీ లాయిడ్. నాలుకతో టక్కుమని, టిక్కుమని చప్పుడు చేసి పలికే అక్షరాలున్న భాష అది. ఆమె నోటుపుస్తకం తెరిస్తే, కుడి పేజీలో ఒక వరస కబ్బో భాష, దాని పక్క వరస ఇంగ్లీషు. ఎడమ పేజీ ఖాళీగా వదిలేది. కథ మధ్యలో అతను "ఆ మొక్క వేరు మేమిలా కాల్చుకుని తింటాం" అనో, "మా తాత ఇలా అనేవాడు" అనో చెబితే అది ఆ ఖాళీలో రాసేది. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, వాళ్ళకి ఎవరి నోట వచ్చింది అన్నవి కూడా. బ్లీకు 1875లో పోయాడు. కబ్బో 1876లో పోయాడు. ఆమె ఆపలేదు. దాదాపు 12,000 పేజీలు పోగయ్యాయి. అందులోంచి కొంత అచ్చులోకి వచ్చేసరికి 1911. ఈలోగా ఆ భాష మాట్లాడేవాళ్ళే తగ్గిపోయారు, తరవాత లేకుండా పోయారు. 2000లో దక్షిణాఫ్రికా తన రాజచిహ్నం మీద నినాదం రాసుకోవడానికి ఎంచుకున్నది ఆ భాషనే. ఆ కాగితాల్ని యునెస్కో 1997లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. పశువుల దొంగ అని రికార్డుకెక్కిన మనిషి ఇవాళ ఒక జాతి సాహిత్యానికి రచయితగా నిలబడ్డాడంటే, ఆమె పేజీ పైన అతని పేరు రాసినందువల్లే.

ఇక మన సంగతి. మనవాళ్ళు తక్కువ చెయ్యలేదు. రాజమండ్రి పక్కన కొంతమూరులో 1904లో పుట్టిన నేదునూరి గంగాధరంగారు పల్లెలు తిరిగి పాటలు, సామెతలు, వ్రతకథలు, ఆఖరికి పశువైద్యం దాకా రాసుకున్నారు. మిన్నేరు, మున్నీరు, పన్నీరు, సెలయేరు అని తన సంపుటాలకి నీళ్ళ పేర్లే పెట్టుకున్నారు. గోదావరి మనిషి మరి. దంగేరులో పుట్టిన చింతా దీక్షితులుగారు పిల్లల పాటల్ని పట్టించుకున్నారు, తనే పిల్లల కోసం రాశారు కూడా. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయ సాహిత్యం మీద 1956లో ఉస్మానియాలో డాక్టరేటు తెచ్చుకున్నారు. వింజమూరి అనసూయాదేవిగారు పాటలకి స్వరాలు రాసిపెట్టి, చివరి రోజుల్లో హ్యూస్టన్‌లో ఉండి కూడా అవే పాడారు.

గమనించారా? ఎక్కువగా పాటలే. మన పండితుల చూపు ముందు పాట మీదికి పోయింది. పాటకి లయ ఉంది, సభలో పాడొచ్చు, రేడియోలో వేయొచ్చు. మాటల్లో చెప్పే కథ ముసలమ్మ మంచం పక్కనే ఉండిపోయింది. లేదంటే రచయితల చేతిలో పడింది. మధిర సుబ్బన్న దీక్షితులుగారు రాజమండ్రిలో కూర్చుని పన్నెండు భాగాల కాశీమజిలీ కథలు రాశారు. మణిసిద్ధుడు చెబుతాడు, గోపడు వింటాడు. గొప్ప పని అది, నేను తీసిపారెయ్యడం లేదు. కాని ఏ కథ ఏ ఊళ్ళో ఏ నోట విన్నారో అందులో దొరకదు. 1947లో మొదలైన చందమామ దేశదేశాల కథలు ఇంటింటికీ తెచ్చింది. చెప్పినవాళ్ళ పేర్లు అక్కడా లేవు. పేదరాశి పెద్దమ్మ అని ఒక్క పేరు పెట్టేసి వేలమంది పెద్దమ్మల్ని అందులో కలిపేశాం.

ఏడు చేపల కథ తీసుకోండి. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. మోపుని అడిగితే ఆవు మెయ్యలేదు. ఆవుని అడిగితే పాలేరు మేపలేదు. పాలేరుని అడిగితే అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వకి పిల్ల ఏడుపు అడ్డం, పిల్లకి చీమ కుట్టడం. చివర చీమ తిరిగి అడుగుతుంది, నా పుట్టలో వేలు పెడితే ఊరుకోనా అని. అక్కడితో కథ ఆగిపోతుంది. చీమకి శిక్ష లేదు. రాజకుమారుడి దగ్గర దాని ప్రశ్నకి జవాబూ లేదు.

పశ్చిమాఫ్రికాలో సరిగ్గా ఇలాంటి గొలుసు కథే ఉంది. దోమ అబద్ధం చెప్పిందని ఉడుము చెవుల్లో పుల్లలు పెట్టుకుంటుంది. పలకరించినా ఉడుము పలకలేదని పాము భయపడుతుంది, పాముని చూసి కుందేలు, కుందేలుని చూసి కాకి, కాకిని చూసి కోతి పరుగు తీస్తాయి. కోతి తొక్కిన కొమ్మ విరిగి గుడ్లగూబ పిల్ల చచ్చిపోతుంది. దుఃఖంలో గుడ్లగూబ సూర్యుణ్ణి లేపదు, లోకానికి తెల్లారదు. సింహం పంచాయితీ పెట్టి ఒక్కొక్కరినే అడుగుతూ వెనక్కి వెళ్ళి దోమ దగ్గర తేలుస్తుంది. వెర్నా ఆర్డెమా దీన్ని 1975లో పిల్లల బొమ్మల పుస్తకంగా తెస్తే, బొమ్మలకి అమెరికాలో పెద్ద బహుమతి వచ్చింది. అక్కడ అతి చిన్న ప్రాణి మీద నేరం మోపారు. మన కథలో అతి చిన్న ప్రాణి తన నేరం కాదని నిలబడింది.

ఇంకా నాకు మన ఏడు చేపల గొలుసులో పాలేరు దగ్గర చూపు ఆగిపోతుంది. అందరూ మేపలేదేమిటని అడిగేవాళ్ళే. తిండి పెట్టకుండా ఎవరు మేపుతారు? మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నగారు పాలేరు అనే నాటకమే రాశారు, జనం ఊరూరా చూశారు. ఆయన నాటకంగా అడిగింది, ఈ కథ పిల్లల చేత ముద్దుముద్దుగా అడిగిస్తుంది. ఒక కామందు ఇంటి అరుగు మీద ఈ కథ చెబితే పాలేరు మాట ఒక్క ముక్కలో దాటిపోవచ్చు. పాలేరు భార్య తన పిల్లకి చెబితే అక్కడ గొంతు మారుతుంది, ఇంకో రెండు మాటలు పడతాయి. అచ్చులో ఆ తేడా మనకి దక్కలేదు. చెప్పిందెవరో రాయకపోతే కథలో సగం రానట్టే అని నేననేది ఇందుకే.

చెప్పినవాళ్ళ పేరే కాదు, విన్నవాళ్ళది కూడా కావాలి. రూత్ ఫినెగన్ అనే ఆవిడ 1960లలో సియెర్రా లియోన్‌లో లింబా అనే జనం మధ్య ఉండి కథలు పోగుచేశారు. లింబా కథకుడు మొదలుపెట్టే ముందు గుంపులోంచి ఒక స్నేహితుణ్ణి ఎంచుకుంటాడు. వాడి పని మాటమాటకీ బదులు పలకడం. నువ్వు చెప్పింది అందింది, నడిపించు అన్నట్టు. ఆఫ్రికా మౌఖిక సాహిత్యం మీద 1970లో ఆవిడ రాసిన పెద్ద పుస్తకంలో పదేపదే చెప్పేది ఇదే. కాగితం మీద మిగిలింది కథ కాదు, కథలో ఒక భాగం. గొంతు, చెయ్యి తిప్పడం, వినేవాడి నవ్వు, ఇవన్నీ కలిస్తే కథ.

ఇది మనకి ఒకరు చెప్పాలా? బుర్రకథలో వంతలు తందానా అందుకోకపోతే కథకుడి కాలు కదలదు. ఇంట్లో అయితే ఊఁ కొట్టాలి. అంబాజీపేట వైపు కొబ్బరి రాశి దగ్గర ఒలుపు సాగుతుంటే ఒకసారి కాసేపు కూర్చున్నాను. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ దింపి ఒక్క తిప్పు తిప్పితే పీచు విడిపోతోంది. పక్కన పీచు ఏరుతున్న ఒక పెద్దావిడ మనవడికి రాకాసి కథ చెబుతోంది. చేతులు ఆగవు, నోరు ఆగదు. కుర్రాడి ఊఁ మాత్రం ఒకచోట తప్పింది, చేతిలో ఫోను వెలిగింది. ఆవిడ టక్కున ఆపేసింది. ఒక నిమిషం పీచే ఏరింది. వాడు "తరవాతేంటి మామ్మా?" అన్నాడు. "ఎక్కడిదాకా వచ్చామో నువ్వే చెప్పు" అంది. వాడు చెప్పలేకపోయాడు. ఆవిడ మళ్ళీ మొదటికి వెళ్ళలేదు. రాకాసిని వదిలేసి, ఫోను చూసుకుంటూ బావిలో పడ్డ కుర్రాడి కథ ఒకటి అప్పటికప్పుడు అల్లింది. ఒలుపువాళ్ళు నలుగురూ నవ్వారు. ఏ పుస్తకంలోనూ లేని కథ అది, అప్పుడే నా ముందే పుట్టింది.

రేడియోలో ఉన్న చిక్కు కూడా ఇదే. మైకు ఊఁ కొట్టదు. న్యాయపతి రాఘవరావుగారు, మన రేడియో అన్నయ్య, ఊరికే పిల్లల్ని స్టూడియోలో చుట్టూ కూర్చోబెట్టుకోలేదు. బాలానందంలో వాళ్ళు అడిగే ప్రశ్నలు, అరిచే అరుపులు ఉండబట్టే ఇళ్ళలో వినే పిల్లలకి అది చెప్పిన కథలా వినిపించింది, చదివిన కథలా కాదు.

కాబట్టి సెలవులకి ఊరొచ్చిన పిల్లలుంటే, ఇంట్లో మామ్మో తాతో ఉంటే, ఫోనులో రికార్డు నొక్కండి. నొక్కి, మొదట వాళ్ళ చేతే వాళ్ళ పేరు, పుట్టిన ఊరు, ఈ కథ ఎవరి దగ్గర విన్నారో చెప్పించండి. అత్తవారి ఊరిదా, పుట్టింటిదా అడగండి. కోడలై వచ్చిన ఆడవాళ్ళతో కథలు ఏటి పాయ దాటి వస్తాయి. రాజోలు కథ కొత్తపేటకి అలాగే చేరుతుంది. వాళ్ళు మధ్యలో దగ్గినా, కోడిని అదిలించినా, "ఒరే, పొయ్యి మీద పాలు చూడు" అన్నా చెరపకండి. లూసీ లాయిడ్ ఎడమ పేజీలో రాసుకున్నవి అలాంటివే. ఊఁ కొట్టే గొంతు ఎవరిదో వాళ్ళ పేరు కూడా చెప్పించండి.

మొదట ఏడు చేపల కథే అడగండి, అందరికీ వచ్చు కాబట్టి. కొన్ని ఇళ్ళలో గడ్డిమోపు, కొన్ని ఇళ్ళలో గడ్డివాము. కొన్ని చోట్ల బువ్వ పెట్టనిది అవ్వ, కొన్ని చోట్ల అమ్మ. మీ ఇంట్లో ఎవరు పెట్టలేదో, పాలేరు దానికి ఏమన్నాడో రాసి పెట్టండి.